పనికెళ్లాడు

సమ్మె మొదలైన నాలుగోరోజు పొద్దున మా ఆయన పెరట్లోని ఖాళీ నూనెడ్రమ్మును దొర్లించుకొచ్చి వరండాలో నిలబెట్టి, దాన్నిండా ఇటుకముక్కలూ కంకరా నింపడం మొదలుపెట్టాడు. నేను ఓ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. మా అత్తగారు గుమ్మంలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఒకరు తీస్తున్నారు, ఒకరు పోస్తున్నారు. ఈ ఇంట్లో రాళ్లకి మాత్రం కరువు లేదు" అంది.

"డ్రమ్ము కదలకూడదమ్మా. దీనిమీద అద్దం అరగదియ్యాలి" అన్నాడాయన.

"ఉన్న అద్దాలు చాలవా? పంతొమ్మిదేళ్లుగా నువ్వు చేస్తున్నవి అవేగా."

"అవన్నీ ముఖాలు చూసుకునే అద్దాలు. ఇది టెలిస్కోపుకి. శనిగ్రహం చుట్టూ ఉంగరం ఉంటుందట. ఒక్కసారి కళ్లారా చూడాలి."

"శనిని వెతుక్కుంటూ పోవాలట్రా? ఇంట్లో కూర్చుంటే అదే వస్తుంది."

నాకు నవ్వాగలేదు. ఆ ఎండాకాలం మొత్తంలో మా ఇంట్లో నవ్వులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు కాబట్టి అది బాగా గుర్తుంది.

మా ఆయన అద్దాల ఫ్యాక్టరీలో వెండిగది మనిషి. గాజుపలకను అద్దంగా మార్చేది దాని వెనక పూసే వెండి. ఆ పూత పూసే గదిని వెండిగది అనేవారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కిటికీ లేదు, అమ్మోనియా ఘాటుకి కొత్తవాడెవడైనా గుమ్మంలోనే కళ్లు మూసుకునేవాడు. ఏడుగురు పనిచేసేవాళ్లు. ఆ ఏడాది చలికాలంలో ఒకడు దగ్గీ దగ్గీ పోయాడు, ఆరుగురు మిగిలారు. గాలిని బయటికి లాగే ఫ్యాను ఒకటి పెట్టమని మూడేళ్లుగా అడుగుతుంటే పైవాళ్లు చూద్దాం చూద్దాం అంటూ వచ్చారు. ఆ చావుతో యూనియన్ సమ్మెకి దిగింది. దింపినవాడు మా తమ్ముడు.

వాడు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. అమ్మ పోయాక నేనే ఎత్తుకు తిరిగాను. నా పెళ్లయ్యాక నాతోపాటే ఈ ఇంటికొచ్చి, మా ఆయన చెప్పి చేర్పిస్తే ఫ్యాక్టరీలో గాజు కోసే సెక్షన్‌లో చేరాడు. చిన్నప్పుడు నత్తి. పెద్దయ్యాక మైకు ముందు నిలబడితే మూడొందల మంది నోళ్లు తెరుచుకు వినేవాళ్లు. వాడి మాటకి అంత విలువుండేది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

వెండిద్రావణం చేతికి తగిలినప్పుడు నీళ్లలాగే ఉంటుంది, ఏమీ కనిపించదు. ఎండ తగిలాక మచ్చ పైకొస్తుంది. చర్మం పొర ఊడితే తప్ప పోదు. పెళ్లయిన కొత్తలో ఆయన వేళ్లను నేను నిమ్మచెక్కతో రుద్దాను, పీచుతో తోమాను. గిన్నెల అడుగున మసైనా వదిలింది గానీ అది వదల్లేదు. సమ్మెలో ఆ మచ్చలే సాక్ష్యం అయ్యాయి. మిగతా సెక్షన్లకి ఎవర్ని తెచ్చినా కంపెనీ నడుపుకోగలదు. వెండి పూయడం మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకి తప్ప రాదు. వాళ్లలో ఎవరైనా దొంగచాటుగా లోపలికెళ్లి పూసొస్తే వేళ్లే చెప్పేస్తాయి. అందుకని ఆరుగురూ రోజూ పొద్దున గేటు ఎదురుగా ఉన్న సమ్మె షెడ్డుకొచ్చి చేతులు చూపించాలని కమిటీ నియమం పెట్టింది. మొదట్లో అందరికీ అదో వేళాకోళం. "గోళ్లు కత్తిరించుకోలేదండీ మాస్టారూ" అంటూ చూపించి పోయేవాళ్లు.

మూడో వారానికి మా ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. అన్నం తింటుంటే నేను ఆ చేతినే చూస్తున్నాను.

"ఏమిటలా చూస్తున్నావు?"

"ఎవరి చెయ్యో అనుకున్నాను."

పాతసామాను కొట్లో దొరికిన ఓడ కిటికీ గాజులు రెండు, జానెడుకి కాస్త తక్కువ వెడల్పు, అంగుళం మందం, రెండేళ్లుగా మంచం కింద పడున్నాయి. ఇన్నాళ్లూ తీరిక లేదు. ఇప్పుడు తీరిక తప్ప ఇంకేమీ లేదు. కింద గాజును డ్రమ్ము మీద చెక్కముక్కలతో బిగించాడు. దానిమీద సానపొడి జల్లి, నాలుగు చుక్కల నీళ్లు పోసి, రెండో గాజును పైన పెట్టి రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తొయ్యడం. ఆరుసార్లు తోశాక ఒక అడుగు పక్కకి జరగడం, పై గాజును కాస్త తిప్పడం, మళ్లీ తొయ్యడం. గానుగెద్దులాగా పొద్దస్తమానం ఆ డ్రమ్ము చుట్టూనే. అలా తోయగా తోయగా పై గాజు నడిమిన గుంటపడుతుంది, కిందది ఉబ్బుతుంది.

"రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయిగా, పైదే ఎందుకు గుంటపడాలి?" అని అడిగాను.

"పైదాన్ని ముందుకి తోసినప్పుడు బరువంతా కిందదాని అంచుమీద, పైదాని నడుంమీద పడుతుంది. ఎవరి మీద బరువు పడితే వాళ్లు అరుగుతారు."

"అయితే ఈ ఇంట్లో గుంటపడాల్సింది నేను" అన్నాను.

సానపొడి ఆరు డబ్బాల్లో ఉండేది. మొదటిది ఉప్పురవ్వంత మోటు, చివరిది ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. ఒక డబ్బానుంచి ఇంకోదానికి మారేటప్పుడు పాతపొడి రవ్వ ఒక్కటి కూడా మిగలకూడదు, మిగిలితే గీత పడుతుంది. ఆ కడుగుడు నా పని. డ్రమ్ము, గచ్చు, ఆయన చేతులు, గోళ్ల సందులు, తువ్వాళ్లు. ఇంత శుభ్రంగా నా వంటిల్లు ఏనాడూ లేదు.

ఓ మధ్యాహ్నం అన్నాలవేళ దాటిపోతున్నా ఆయన రాలేదు. "నీ మొగుడెక్కడే?" అని అత్తగారు లోపలినుంచి కేకేసింది. "పనిలో ఉన్నారత్తయ్యా" అన్నాను ఎకసెక్కంగా. ముసలావిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. రెండు వారాలుగా పనే లేని ఇంట్లో ఆ మాట వినేసరికి ఆయనకీ నవ్వొచ్చింది. అప్పట్నుంచీ ఆ అద్దానికి మా ఇంట్లో పని అనే పేరు స్థిరపడింది. ఆయన వరండాలోకి వెళితే పనికెళ్లాడు. గీత పడితే పని చెడింది. సమ్మె మొదలయ్యాక షెడ్డులోనే పడుకుంటున్న మా తమ్ముడు వారానికోసారి ఇంటికి వచ్చినప్పుడు చెప్పులు విడుస్తూనే, "పని ఎంతవరకొచ్చింది బావా?" అనేవాడు.

నిజంగానే ఒకసారి పని చెడింది. అయిదో డబ్బా నడుస్తుండగా గాజుల మధ్య కీచుమని ఒక చప్పుడైంది. ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి. పైది ఎత్తి చూస్తే అంగుళన్నర గీత. నా జడలో దాక్కున్న మోటురవ్వ ఒకటి, నేను నీళ్లు పోయడానికి వంగినప్పుడు రాలింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. మూడో డబ్బా మూత తీసి, "వెనక్కెళ్దాం" అన్నాడు. అక్కణ్ణుంచి నేను తలకి గుడ్డ చుట్టుకుని ఆయనకి ఎదురుగా నిలబడి వంతులవారీగా తోశాను. గాజు మీద అరచేతులు ఆనించి తోస్తుంటే ఆకలి కాసేపు తెలిసేది కాదు.

ఆకలంటే ఆకలే మరి. కమిటీ వారానికోసారి బియ్యం పంచేది. మొదట్లో సంచి నిండా, తర్వాత సగం, ఆ తర్వాత సంచి అడుగున. "నాకెందుకో ఈమధ్య ఆకలెయ్యడం లేదే" అనడం మొదలుపెట్టింది అత్తగారు. ఆవిడకి ఆకలెయ్యకపోవడం నేనెన్నడూ ఎరగను.

ముప్ఫై ఎనిమిదో రోజున మా తమ్ముడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది, కళ్లు లోపలికి పోయాయి. సానపొడులు అయిపోయి, తారుముద్ద మీద ఎర్రపొడితో మెరుగు పెట్టడం కూడా అప్పటికి పూర్తయింది. వంపు సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఆయన సామాన్లగది కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేశాడు. ఒక మూల అద్దం, ఇంకో మూల సూదిబెజ్జంలోంచి వచ్చే దీపం వెలుగు, కంటిముందు బ్లేడు. బ్లేడును వెలుగుకి అడ్డంగా జరుపుతుంటే అద్దం మీది ఎత్తుపల్లాలన్నీ నీడలై కనిపిస్తాయి.

"రా, నువ్వూ చూడు" అన్నాడు తమ్ముడితో. "ముందు వెళ్లి అద్దం మీద బొటనవేలు ఆనించు. గట్టిగా నొక్కక్కర్లేదు. అరవై లెక్కపెట్టి వచ్చెయ్యి."

తమ్ముడు అలాగే చేసి వచ్చి బ్లేడు వెనక కన్ను పెట్టాడు. "బావా, అద్దం మీద బొడిపె లేచింది!"

"నీ వేలి వేడికి గాజు ఉబ్బింది. కంటికి మామూలుగా చూస్తే ఏమీ లేదు. చూస్తూ ఉండు, చల్లారితే అదే అణుగుతుంది."

వాడు చాలాసేపు కదలకుండా చూశాడు. బయటికొచ్చాక వాడి ముఖంలో, చిన్నప్పుడు మొదటిసారి సైకిలు దానంతటది నిలబడ్డప్పుడు చూసిన వెలుగు కనిపించింది. వెంటనే అదీ పోయింది. "జనం జారిపోతున్నారు బావా" అన్నాడు గోడకి చేరబడి. "నిన్న ప్యాకింగ్‌లో ఇద్దరు లోపలికెళ్లారు. ఇంకో వారం గట్టిగా పట్టామంటే కంపెనీ దిగొస్తుంది. ఎవరు తప్పినా, నా సొంతవాళ్లయినా సరే, పేరు కొట్టేస్తానని మీటింగులో చెప్పేశాను."

మా ఆయన వాడి పక్కన చేరి, "అయితే ఒకమాట అడగాలి" అన్నాడు. "అద్దానికి ఇక వెండి పూత ఒక్కటే బాకీ. రైలుపట్టాల అవతల పాత మేస్త్రి ఉన్నాడుగా, నాకు పని నేర్పినాయన. ఆయన దగ్గర సీసాలో కాస్త ద్రావణం ఉందట, రమ్మన్నాడు. కానీ వేళ్లు నల్లబడతాయి. మర్నాడు షెడ్డులో చూపించాలి."

"రబ్బరు తొడుగులు వేసుకోండి" అన్నాను.

"వేసుకుంటే గాజు జారుతుంది. నెల రోజుల చాకిరీ." ఆయన వాడివైపే చూస్తున్నాడు. "నువ్వు వద్దంటే ఆగుతాను. సమ్మె అయ్యాకే పూస్తాను."

"ఎందుకాగడం? వెళ్లిరా బావా" అన్నాడు తమ్ముడు. "ఎవరైనా అడిగితే నేను చెప్తాను. నేనున్నానుగా."

నేను వాడికి మజ్జిగ కలిపిచ్చాను. ఇంట్లో ఉన్నదంతా అదే.

నలభై ఒకటో రోజు పొద్దున షెడ్డుకెళ్లి తెల్లటి వేళ్లు చూపించి వచ్చి, ఆయన అద్దాన్ని దూదిలో పొదిగి, తువ్వాలులో చుట్టి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయల్దేరాడు. పది దాటాక నేను గోడ దగ్గర బట్టలు ఆరేస్తుంటే పక్కింటావిడ పలకరించింది. వాళ్లాయన ప్యాకింగ్‌లో పనిచేస్తాడు. మంచి మనిషి. మా ఇంట్లో ఉప్పు లేకపోతే వాళ్లింట్లో ఉప్పు, వాళ్లింట్లో పప్పు లేకపోతే మా ఇంట్లో పప్పు.

"అన్నయ్యగారు కనబడ్డం లేదేం వదినా? వరండాలో చప్పుడు కూడా లేదు."

నోట్లో బట్టల క్లిప్పు ఉంది. తీసి చేత్తో పట్టుకుని, "పనికెళ్లారమ్మా" అన్నాను.

అన్నాక కూడా నాకేమీ తట్టలేదు. తువ్వాలు దులిపి తీగమీద వేశాను. ఆవిడ గబగబా లోపలికి వెళ్లిపోయింది. ఇంటిమాటలు ఇంట్లోనే చెల్లుతాయని, గోడ అవతల ఆ మాటకి పాత అర్థమే ఉందని నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. ఇవాళ్టికీ తీగమీద బట్టలు ఆరేస్తుంటే నోరు గట్టిగా మూసుకుంటాను.

పదకొండింటికి ఫ్యాక్టరీ గేటు తెరిచి లారీ ఒకటి బయటికి పంపారట. దాన్నిండా అద్దాలు, కొత్తగా పూత పూసినవి. అడ్డం పడుకున్నవాళ్లను పోలీసులు ఈడ్చి పక్కన పడేశారు. నలభై రోజులుగా మూతపడిన వెండిగదిలోంచి కొత్త అద్దాలెలా వచ్చాయి? ఎవడో లోపలికెళ్లి పూస్తున్నాడు. ఎవడు? పక్కింటావిడ వాళ్లాయనతో ఒక్కమాటే అంది. ఆ మాట షెడ్డుకి చేరడానికి ఎంతసేపు?

రెండు గంటలకి యూనియన్ మనిషి ఒకడు నా కోసం వచ్చాడు. నాకు తెలిసినవాడే. నా ముఖం చూడకుండా, "మిమ్మల్ని షెడ్డుకి రమ్మంటున్నారు" అన్నాడు.

ఆ రేకులషెడ్డులో నూటముప్ఫై మంది ఉంటారు. ఎండకి రేకులు టపటపమంటున్నాయి. మా ఆయన్ని నడుమ బల్లమీద కూర్చోబెట్టారు. పట్టాల దగ్గర ఎదురై తీసుకొచ్చారట. చొక్కా భుజం దగ్గర చినిగింది. ఒళ్లో చేతులు రెండూ బోర్లా పెట్టుకున్నాడు. పాత మేస్త్రి ఇంట్లోంచి బయటికొచ్చేటప్పుడు తెల్లగానే ఉండి ఉంటాయి. రెండు మైళ్లు ఎండలో నడిచాడు. ఇప్పుడు పదివేళ్లూ కాటుకలో ముంచి తీసినట్టు ఉన్నాయి. "పొద్దున తెల్లగా ఉన్నాయంటే, రాత్రి పూసి ఎండ తగలకముందే చూపించాడన్నమాట" అంటున్నారెవరో.

అద్దం ఆయన దగ్గర లేదు. అది చేతులు మారుతోంది.

"కంపెనీ పలకలు బల్లపరుపుగా ఉంటాయి, ఇది గుంటగా ఉంది, చూడండి" అంటున్నాడాయన. "పూత కూడా ముందువైపు ఉంది. దాన్ని ముట్టుకోకండి, ఇంకా పచ్చిగా ఉంది."

ముట్టుకోవద్దంటే ముట్టుకున్నారు. ఒకడు వేలితో గీకి వాసన చూశాడు. ఒకడు చొక్కా అంచుతో తుడిచాడు. దగ్గరగా పెట్టుకున్నవాడి ముఖం అందులో గుమ్మడికాయంత కనబడింది. ఇంకొకప్పుడైతే పడీపడీ నవ్వేవాళ్లు. మా తమ్ముడు చివర్న బల్ల దగ్గర కాగితాలు ముందేసుకుని నిలబడ్డాడు. అద్దం వాడి చేతికీ వచ్చింది. వాడు ఒక్క క్షణం పట్టుకుని పక్కవాడికిచ్చేశాడు.

పాత మేస్త్రిని పిలిపించండని నేను అరిచాను. "ఆ ముసలాయన కంపెనీ పింఛను తింటున్నాడు, కంపెనీ పాటే పాడతాడు" అన్నారెవరో.

"అక్కా." తమ్ముడు పిలిచాడు. "బావ పనికెళ్లాడని పొద్దున నువ్వు అన్నావా?"

పక్కింటావిడ స్తంభం చాటున నిలబడి ఏడుస్తోంది. లేదంటే ఆవిడ అబద్ధాలకోరు అవుతుంది, ఉప్పూ పప్పూ పంచుకున్న మనిషి. అయినా నాకు భయమేముంది? అడుగుతున్నది నా తమ్ముడు. ఆ మాటకి మా ఇంట్లో అర్థమేమిటో ఈ షెడ్డులో నాతోపాటు తెలిసినవాడు వాడొక్కడే. నా చేత చెప్పించి, తర్వాత తను చెప్తాడనుకున్నాను.

"అన్నాను" అన్నాను. "కానీ పని అంటే ఆ అద్దం. నెలకి పైగా ఇంట్లో అరగదీస్తున్నాం. టెలిస్కోపుకి. దాన్ని మేం పని అనే అంటాం."

"టెలిస్కోపట!" వెనకనుంచి ఎవరో అన్నారు. "ఇక్కడ పిల్లలకి గంజి లేదు, వీళ్లు చుక్కలు లెక్కపెడతారట." ఆ గొంతులో వెటకారం కన్నా ఆకలే ఎక్కువ వినిపించింది.

"మా తమ్ముడికి తెలుసు. వాడు చూశాడు. మొన్న వాణ్ణి అడిగే వెళ్లారు. అడగండి!"

అందరి తలలూ వాడివైపు తిరిగాయి. వాడు నావైపు చూడలేదు. మా ఆయనవైపూ చూడలేదు. ముందున్న కాగితం అంచును గోటితో సరిచేశాడు.

"నాకు తెలియదు" అన్నాడు.

ఆ తర్వాత కమిటీ తీర్మానం చదివాడు. ఎక్కడా నత్తి రాలేదు. వెండిగది మనిషి పేరు యూనియన్‌లోంచి కొట్టేశారు. అతనితో కలిసి ఎవరూ పనిచెయ్యరు, ఎవరూ మాట్లాడరు, ఇవ్వడాలూ పుచ్చుకోవడాలూ ఉండవు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. వెండిగదిలో ఆయనతో కలిసి పీల్చి దగ్గిన అయిదుగురూ ఎత్తారు.

మా ఆయన లేచి, వరసల మధ్యకి వెళ్లి, చివరివాడి చేతిలోంచి అద్దాన్ని తీసుకున్నాడు. "పద" అన్నాడు నాతో. దారిలో నేను ఏడుస్తూ నడిచాను. ఇంటి మలుపు దగ్గర ఆగి ఆయన తువ్వాలు విప్పి చూశాడు. పూత సగానికి పైగా చెదిరిపోయింది, మిగిలినచోట వేలిముద్రలు.

"గాజుకేమీ కాలేదు. పూత పోయిందంతే" అన్నాడు.

ఆ వారంనుంచి మాకు బియ్యం రాలేదు. కుళాయి దగ్గర నేను బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు జరుపుకునేవాళ్లు. మా అత్తగారు కొడుకుని ఏమీ అనలేదు, నన్నూ అనలేదు. అంటే బాగుండేది. ఓ రోజు నేనే ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, "ఆ పాడుమాట అన్నది నా నోరే అత్తయ్యా" అన్నాను. ఆవిడ నా తలమీద చెయ్యి వేసింది. "నీ నోరు ఒకమాట ఎక్కువ అంది. వాడి నోరు ఒకమాట తక్కువ అంది. నేను వాడినే అడుగుతాను" అంది. అడగడానికి ఆవిడ మిగల్లేదు. ఆకలి లేదు లేదంటూనే మొదటి వాన పడిన రోజున నిద్రలో పోయింది. మోయడానికి నలుగురు కావాలి. పాత మేస్త్రి, ఆయన అల్లుడు, మా ఆయన, నాలుగోవాడిగా దారినపోయే రిక్షావాడు.

యాభై ఎనిమిదో రోజున కంపెనీ దిగొచ్చింది. వెండిగదికి ఫ్యాను పెట్టడానికి ఒప్పుకుంది. ఆ లారీలో పోయిన అద్దాలు గోడౌనులో మూలబడున్న పాత సరుకని కూడా అప్పుడే బయటపడింది. కొత్త కాగితంలో చుట్టి పంపారట, సమ్మెవాళ్ల గుండె చెదరడానికి. అందరూ లోపలికెళ్లారు. మా ఆయన పేరు మాత్రం పిలవలేదు. కంపెనీ జాబితాలో ఆయన సమ్మె చేసినవాడు, యూనియన్ జాబితాలో సమ్మె చెడగొట్టినవాడు. యూనియనే వద్దంటుంటే మేమెందుకు తీసుకోవాలని కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు. ఎవరి కోసమైతే సమ్మె చేశారో ఆ ఆరుగురిలో ఒకడు రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

మరో నాలుగు రోజులకి తమ్ముడు వచ్చాడు. వాన పడుతోంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"రా, తడుస్తున్నావు" అన్నాడు మా ఆయన.

వాడు వచ్చి గచ్చుమీద కూర్చున్నాడు. "రేపు జనరల్ మీటింగు బావా. లారీ సంగతి అందరికీ తెలిసిపోయింది. నాకు ముందే తెలుసని, నేనే వెళ్లమన్నానని చెప్పేస్తాను. ఆ రోజు చెప్పి ఉంటే, బావని కాపాడుకుంటున్నాడని షెడ్డు అప్పుడే చీలిపోయేది. మర్నాటికి సగంమంది లోపల ఉండేవాళ్లు. ఆ ఫ్యాను వచ్చేది కాదు."

"నిజమే. వచ్చేది కాదు."

"అందుకని ఇప్పుడు చెప్తాను."

మా ఆయన వాడికి తువ్వాలు అందించాడు. "ఇప్పుడు తెలుసంటే ఆ రోజు అబద్ధమాడావని అర్థం. రేపట్నుంచి నువ్వేం చెప్పినా, ఇది నిజమా, షెడ్డులో చెప్పినదాని లాంటిదా అని అడుగుతారు. ఫ్యాను పెడతామన్నారే గానీ ఇంకా పెట్టలేదు. నీ మాటకి విలువున్నంతకాలమే వాళ్లు పెడతారు. వద్దు. చెప్పకు."

"మరి నువ్వు?"

"ఎక్కడో ఒకచోట గాజు కోసుకుని బతుకుతాను."

తమ్ముడు మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. మా ఆయన లేచి వెళ్లి వాడి వీపుమీద చెయ్యి వేశాడు. ఆ వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయనకి క్షమించే హక్కు ఎవరిచ్చారు? ఆకలి లేదంటూ పోయిన మనిషి తరఫున ఎవరు క్షమిస్తారు?

"అయిపోయిందా?" అన్నాను. "అయితే లేచి వెళ్లు. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు."

"అక్కా..."

"ఎవరికి అక్క? నాకు తమ్ముడున్నాడా అని ఎవరైనా అడిగితే, నాకు తెలియదంటాను."

వాడు లేచి వెళ్లిపోయాడు. వానలో వాడు మలుపు తిరిగేదాకా నేను చూడలేదని అందరితోనూ అంటాను గానీ, చూశాను.

వానలు వెనకబట్టాక మేం ఊరు మారాం. మా ఆయనకి ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో గాజు కోసే పని దొరికింది. అద్దాన్ని కూడా తెచ్చుకున్నాం. అలమరలో బోర్లా పెట్టి ఉంటుంది. మళ్లీ పూత పూయించమని రెండుసార్లు అన్నాను. చూద్దాంలే అన్నాడు. మూడోసారి అనలేదు.

కొత్త ఇంట్లో దిగిన నెలకి ఇల్లుగలావిడ మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. మాటల్లో మాటగా, "మీరు ఆ అద్దాల ఫ్యాక్టరీ ఊరినుంచే వచ్చారటగా?" అంది. "అక్కడ యూనియన్ లీడరు ఒకాయనున్నాడట. మాట ఇస్తే తప్పడట. మా అక్క కొడుక్కి పని కావాలి, ఆయన చెబితే అవుతుందంటున్నారు. మీకు తెలుసా ఆయన?"

నేను కూర తరుగుతున్నాను.

"నాకు తెలియదండీ" అన్నాను.

కోపంతో అన్నమాట కాదు. ఆ ఒక్కసారికి ఆవిణ్ణి పంపించేద్దామని, పప్పు మాడిపోకముందు పొయ్యి దగ్గరికి పోదామని, పాత సంగతులన్నీ ఈ కొత్త గుమ్మంలోకి రాకుండా ఉంటే చాలని అనేశాను. నాలిక తడబడలేదు, చెయ్యి ఆగలేదు. ఆవిడ "అలాగా" అని లేచి వెళ్లింది. నేను కత్తిపీట పక్కకి జరిపి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వాడు కూడా ఇలాగే అని ఉంటాడు. ఇంత తేలిగ్గానే అని ఉంటాడు.